జాజు బొట్టు లేని రాయి

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా మేడం?" ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఉందా అంటే అవిటితనం ఉందా అని. లేదండీ అంటే, మరి నీకెందుకు ఈ పని అన్నట్టు చూస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. బ్యాంకులో పనిచేసేవాళ్లందరి ఇళ్లలో డబ్బు మూటలుంటాయా? నాకు ఉద్యోగం కావలసి వచ్చింది, ఇది దొరికింది, చేరాను. చేస్తూ ఉండగా ఇష్టం పుట్టింది. తప్పు మాత్రం ఇష్టం పుట్టిన తర్వాతే చేశాను. ఆ తప్పు ఇప్పుడు మొదటి నుంచీ రాస్తున్నాను.

మాది నంద్యాలలో చిన్న ట్రస్టు. మందుల షాపు మీద రెండు గదులు, ఒక బీరువా, ముగ్గురు మనుషులం. అంగవైకల్యం ఉన్నవాళ్లకు పని నేర్పి, నేర్చుకున్న చోటే పనిలో నిలబెట్టేవాళ్లకు మా ట్రస్టు డబ్బు ఇస్తుంది. ఏడాది పాటు వాళ్ల జీతం మేమిస్తాం. ఏడాది తర్వాత యజమాని తన చేతి డబ్బుతో ఉంచుకోవాలి. ట్రస్టు పెట్టినాయన రిటైరైన లెక్చరర్. ఆయనది ఒక నియమం. ఎవరికి డబ్బు ఇవ్వమని మనం సిఫారసు చేస్తామో వాళ్ల దగ్గరికి ఏడాది పొడుగునా వారానికో రోజు మనమే వెళ్లాలి. వెళ్లి కుర్చీలో కూర్చోకూడదు, ఆ పని మనమూ చేయాలి. "చెక్కు రాసిచ్చి చేతులు దులుపుకుంటే వాళ్ల కష్టం మనకు కాగితం మీదే కనపడుతుందమ్మా" అనేవాడు. ఆ నియమం పుణ్యాన నేను అంతకుముందు ఒక ఏడాది కుట్టుమిషన్ల దగ్గర కాజాలు కుట్టాను. నా కాజాల్లో గుండీ పట్టేది కాదు, అది వేరే సంగతి.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే షెడ్లు ఎన్నో ఉన్నాయి. అందులో ఒక షెడ్డుకు డబ్బు ఇవ్వమని సిఫారసు చేసింది నేనే. నా తెలివి చూడండి. రాయి కోసే మిషన్ల మోతకు మామూలు మనుషులకు తల పగిలిపోతుంది, చెవులు వినపడనివాళ్లకు ఆ బాధ ఉండదు కాబట్టి వాళ్లకు ఇంతకంటే అనువైన చోటు లేదని కాగితం మీద రాశాను. మా ఆఫీసులో భలే ఆలోచన అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

అలా ఆ షెడ్డులో ఇద్దరు చేరారు. ఒకాయన ఆళ్లగడ్డవాడే, ముప్పై ఏళ్లుంటాయి, పోలియోతో ఒక కాలు సన్నబడిపోయింది. మూడు చక్రాల స్కూటర్ మీద వచ్చేవాడు కాబట్టి నేను స్కూటరాయన అని పిలిచేదాన్ని. రెండోది దొర్నిపాడు అమ్మాయి. పాతికేళ్లు. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. తండ్రి లేడు. తల్లీ కూతుళ్లు మిరప చేలకూ శనగ చేలకూ కూలికి పోయి బతికేవాళ్లు. మొదటి వారం తల్లి ఆటోలో వెంట వచ్చి, షెడ్డు బయట చెప్పులు విడిచి, రోజంతా అక్కడే కూర్చుంది.

షెడ్డు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. తెల్లటి గడ్డం, చెవుల మీద వెంట్రుకలు, లావుపాటి కళ్లద్దాలు. ఆయన నా కాగితం సంగతి విని నవ్వాడు.

"చెవిటోళ్లకు ఈడ బాగుంటాదని ఎవురు చెప్పినారమ్మా నీకు?"

"మిషన్ల మోత బాధ ఉండదు కదా నాయనా."

"మోత ఇనపడకుంటే బాగానే ఉంటాది. రాయి ఇనపడకుంటే?"

చిన్న సుత్తి తీసుకుని ఒక నల్ల రాయి మీద కొట్టాడు. ఖంగుమంది. పక్క రాయి మీద కొట్టాడు. అది వేరేగా పలికింది, ఏం తేడానో నాకు చెప్పడం రాలేదు.

"మొదటిది గంట మాదిరి పలికె. ఇది పగిలిన కడవ మాదిరి పలుకుతాంది. లోపల నెర్రె ఉండాది. పైకి కనపడదు. నెల దినాలు చెక్కినంక మూతికాడ్నో మెడకాడ్నో ఊడి చేతిలోకొస్తాది. అప్పుడు ఏడ్చినా రాదు. కాలు లేనోడు కూసోని చెక్కుకుంటాడు, ఏమీ ఇబ్బంది లేదు. చెవి లేకుంటే ఎట్ల తల్లీ?"

నా తెలివి అక్కడికి తెల్లారింది. కానీ డబ్బు మంజూరైపోయింది. పెద్దాయన ఆ అమ్మాయిని పాలిష్ పనికి పెట్టాడు. ఎవరో చెక్కిన బొమ్మను తడిపి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది నునుపు చేయడం. నేనూ బుధవారం బుధవారం వెళ్లి ఆమె పక్కన కూర్చుని రుద్దేదాన్ని. మొదటి రోజే నా వేళ్ల చివర్లు ఒరుసుకుపోయి, ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటే మంటెత్తిపోయాయి. మరుసటి వారం నేను వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని వెళితే ఆ అమ్మాయి నన్ను చూసి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వితే నవ్వింది గాని, తన దగ్గరున్న కొబ్బరినూనె సీసా తెచ్చి నా వేళ్లకు తనే రాసింది.

మాకు మెల్లగా సైగలు కుదిరాయి. గడ్డం నిమిరితే పెద్దాయన. కాలు ఈడిస్తే స్కూటరాయన. భుజానికి సంచీ తగిలించుకున్నట్టు చూపిస్తే నేను. స్కూటరాయన దానికి ఏమీ నొచ్చుకునేవాడు కాదు. "నన్ను కాలుతోనే గుర్తుపెట్టుకునె, నిన్ను సంచీతో గుర్తుపెట్టుకునె అక్కా. దుడ్ల సంచీ గదా మల్ల" అనేవాడు.

ఆ అమ్మాయి పాలిష్ చేస్తూనే చూసి చూసి చెక్కడం పట్టేసింది. విరిగిన రాతి ముక్కల మీద మధ్యాహ్నం అన్నం వేళ ఏదో ఒకటి చెక్కేది. ఒకరోజు పెద్దాయన ఆమె చెక్కిన పిడికెడు నంది తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మూపురం కాడ ఉలి ఆపింది చూడు. ఆపడం నేర్పితే రాదమ్మా" అన్నాడు. నేను ఆ మాటే పట్టుకున్నాను. ఆమెను చెక్కడంలో పెట్టమని వారం వారం ఆయన ప్రాణం తీశాను. చివరికి ఆయన ఒక ఏర్పాటు చేశాడు. రాయి తను వింటాడు, ఆమె చెక్కుతుంది. ఆయన ప్రతి రాయినీ నాలుగు పక్కలా సుత్తితో కొట్టి విని, మంచిదైతే దాని మీద జాజు మట్టి తడిపి బొటనవేలితో ఎర్రటి బొట్టు పెడతాడు. బొట్టున్న రాయినే ఆమె ముట్టాలి. ఆమె ఆ మాట ఒక్కసారి చెబితే పట్టుకుంది. బొట్టు లేని రాయి వైపు చెయ్యి కూడా చాపేది కాదు.

ఆరు నెలలు అలా హాయిగా నడిచింది. సింహాలు, ఏనుగులు, దీపపు స్తంభాలు, ఒక ఆంజనేయుడు. ఏడాది నిండాక ఆమెను చెక్కే మనిషిగా తన జీతం మీద ఉంచుకునేదీ లేనిదీ అప్పుడు చెబుతానన్నాడు పెద్దాయన. ఉంచుకుంటే ఏడాది పొడుగునా పని. లేకపోతే మళ్లీ తల్లితో పాటు మిరప చేలు, అదీ వానలు పడితేనే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తల్లికీ తెలుసు. ఆ తల్లి నాకు ఎప్పుడు ఎదురుపడినా "మేడం, అది నిలబడల్ల మేడం" అనేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనేది కాదు.

నన్ను పాడుచేసింది మా ఫారం. మా ట్రస్టు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ వ్యక్తి ఎవరి సహాయం లేకుండా పనిచేయగలరా? స్కూటరాయన పేరు ఎదురుగా అవును అని రాశాను. ఆ అమ్మాయి పేరు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. రాయి పెద్దాయన విని ఇస్తున్నాడు కదా, అది సహాయం కాదా? ఈ గోల ఒక బుధవారం పెద్దాయనతోనే అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నాకు కండ్లద్దాలు లేకుంటే గీత కనపడదు. ఆ అద్దాలు నంద్యాలలో ఎవురో చేసిచ్చినారు. ఉలి కొలిమాయన సాగగొట్టి ఇస్తాడు. రాయి లారీలో వస్తాది. నేను ఎవురి సాయం లేకుండా చేస్తాండానా?"

"మీరు వేరు నాయనా."

"ఎట్ల వేరు?"

నేను మాట మార్చేశాను. ఎందుకంటే రెండు వారాల్లో మా ట్రస్టు పెద్దలు షెడ్డు చూడడానికి రాబోతున్నారు. రెండో ఏడాది డబ్బు, ఇంకో ఇద్దరిని చేర్చుకోవడం, అన్నీ ఆ రోజు తేలుతాయి. ఆ రోజుకు ఈ అమ్మాయి రాయి ఎంచుకోవడం దగ్గర నుంచి అన్నీ తనే చేసిన బొమ్మ ఒకటి చూపించాలని నాకు పట్టుదల పుట్టింది. ఎవరి కోసం? ఆమె కోసమేనని ఒట్టు పెట్టి చెప్పేదాన్ని అప్పుడు.

గడివేముల దగ్గర ఒక ఊరివాళ్లు అమ్మవారి విగ్రహం చెప్పి వెళ్లారు. ప్రతిష్ఠకు దినం కూడా పెట్టుకున్నారు, ఐదారు వారాలుంది. పెద్దాయన మూడు రాళ్లు దింపించాడు. ఈలోగా ఉయ్యాలవాడలో తను చెక్కిన విగ్రహాలు గుడిలో నిలబెట్టాల్సి వచ్చి వారం రోజుల పని మీద వెళ్లాడు. వెళుతూ ఆ అమ్మాయికి సైగలతో చెప్పాడు: ఈ వారం సింహాల పని ముగించు, అమ్మవారిని నేనొచ్చాక మొదలుపెడదాం.

ఆ బుధవారం నేను వెళ్లాను. పెద్దాయన లేడు. మూడు రాళ్లూ గోడ వార నిలబెట్టి ఉన్నాయి. దేనికీ బొట్టు లేదు. నేను ఆ అమ్మాయిని పిలిచి, వాటిలో ఒకటి ఎంచుకోమని, మొదలుపెట్టమని చూపించాను. ఆమె మూడింటి చుట్టూ తిరిగింది. మధ్య రాయి మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. తర్వాత బొటనవేలు రాతికి ఆనించి, లేదన్నట్టు చేయి తిప్పింది. బొట్టు లేదు. గడ్డం నిమిరింది. తన చెవిని చూపించింది. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

స్కూటరాయన కూడా అన్నాడు. "నాయన వారంలో వస్తాడక్కా. ఆగుదాం. ఏం కొంపలు మునిగిపోతాండాయి?"

"మీరూరుకోండి" అన్నాను. "ఎంతకాలం ఒకరి వేలు పట్టుకుని నడుస్తుంది?"

ఆ అమ్మాయి వైపు తిరిగి, ఫరవాలేదు, నేనున్నాను, మొదలుపెట్టు అని చూపించాను. నా గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చూపించాను. ఆమె నా ముఖం వైపు చూసింది, రాయి వైపు చూసింది. చాలాసేపు నిలబడింది. నేను నవ్వుతూ తల ఊపుతూనే ఉన్నాను. చివరికి వెళ్లి ఉలి తీసుకుంది. నేను నా ఫోనులో వీడియో తీసుకున్నాను.

మరుసటి బుధవారం నేను వెళ్లేసరికి అమ్మవారి ముఖం, భుజాలు రాతిలోంచి బయటికొచ్చాయి. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇంకా కళ్లు తీర్చలేదు, కిరీటం మోటుగానే ఉంది, అయినా ఆ ముఖంలో ఏదో కోపం, దయ రెండూ ఉన్నాయి. మధ్యాహ్నం పెద్దాయన ఉయ్యాలవాడ నుంచి దిగాడు. సంచీ కింద పెట్టకుండానే బొమ్మ ముందు నిలబడ్డాడు. "ఓయబ్బ" అన్నాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన నోట నేను వినలేదు. ఆ అమ్మాయి ఆయన ముఖం చూసి మెరిసిపోయింది.

తర్వాత ఆయన అలవాటుగా సుత్తి తీసుకుని భుజం వెనుక తట్టాడు.

ఆయన ముఖం మారిపోయింది. ఇంకోసారి తట్టాడు. మెడ దగ్గర, చెవి వెనుక, మళ్లీ భుజం దగ్గర. మిషన్ ఆపమన్నాడు. షెడ్డంతా నిశ్శబ్దమైంది. మళ్లీ కొట్టాడు. ఈసారి నాకు కూడా తెలిసింది. పగిలిన కడవ.

"నీళ్లు తే" అన్నాడు. స్కూటరాయన చెంబు అందించాడు. అమ్మవారి తల మీద నుంచి నీళ్లు పోశారు. రాయి మెల్లగా ఆరింది. ముఖం ఆరింది, భుజం ఆరింది. చెవి వెనుక నుంచి మెడ కిందికి వెంట్రుకంత సన్నటి గీత మాత్రం తడిగానే మిగిలింది. చెక్కకముందు అది లోపలెక్కడో ఉండిపోయింది. ఆమె ఉలే దాన్ని పైకి తెచ్చింది. నెర్రె పడిన విగ్రహాన్ని గుడిలో పెట్టరు. ఇంకేం చేసినా అది అమ్మవారు కాదు.

పెద్దాయన ఆ అమ్మాయి వైపు తిరిగి రాతికి బొటనవేలు ఆనించి చూపించాడు. బొట్టు లేని రాయి ఎందుకు ముట్టావు? ఎవురు చెప్పినారు?

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమె నన్ను చూసింది. ఒక్క క్షణమే. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నేనే.

నేను నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఇన్నాళ్లుగా నాకు నేను ఎన్నో కారణాలు చెప్పుకున్నాను. ఆయన కోపంలో ఉన్నాడు, చల్లారాక చెబుదాం. వచ్చే వారం ట్రస్టు పెద్దలొస్తున్నారు, ఆ గండం గడవనీ. నేను పోతే ఈ ఇద్దరి జీతం ఎవరు చూస్తారు. అన్నీ అబద్ధాలే. భయపడ్డాను, అంతే. తిట్లు తినడానికి నలభై ఏడేళ్ల మనిషిని భయపడ్డాను.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఒకరి చేతిలో ఉలిని ఇంకొకరు లాక్కోరు. కింద పెట్టాకే తీసుకుంటారు. ఎంత తొందరున్నా అంతే. ఆ రోజు పెద్దాయన ఆ అమ్మాయి చేతిలోంచి ఉలి లాక్కున్నాడు. లాక్కుని, పాలిష్ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. చెంపదెబ్బ కొట్టినా ఆమె అంత బాధపడి ఉండేది కాదు. తల వంచుకుని మూలకు పోయి, ఎవరో చెక్కిన వినాయకుణ్ణి రుద్దడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆటో వచ్చేదాకా తల ఎత్తలేదు.

నేను బస్టాండుకు నడుస్తుంటే స్కూటరాయన వెనకనే వచ్చి ఆపాడు. ఇంజను కూడా కట్టేశాడు.

"నోరున్నోళ్లం ఇద్దరం ఉండి నోరు మూసుకుంటిమి. నోరు లేనామె తప్పు నెత్తిన ఏసుకునె" అన్నాడు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అక్కా?"

"చెబుతాను. కాస్త ఆగండి" అన్నాను.

"ఆగమని ఆ పొద్దు నేను చెప్తే నువ్వు ఆగినావా?"

అని స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు. నేను నంద్యాల బస్సెక్కి ఇంటికి పోయాను. అది ఇప్పటికీ నాకు సిగ్గు. వెనక్కి తిరిగితే పావుగంట నడక.

మర్నాడు పొద్దున స్కూటరాయనే ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి పనికి రాలేదు. తల్లి చేత కబురు పంపిందట, ఇక రానని. గడివేముల నుంచి ఊరి మనిషి విగ్రహం చూడ్డానికొచ్చి, సంగతి తెలిసి, ఆమె చెయ్యి పడిన బొమ్మ మాకొద్దని చెప్పి వెళ్లాడట. నేను ఆఫీసుకు పోకుండా ఆళ్లగడ్డ బస్సెక్కాను.

పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉలి మొన చూసుకుంటున్నాడు. నిలబడే చెప్పాను. బొట్టు లేదని ఆమె చూపించిన సంగతి, స్కూటరాయన ఆపిన సంగతి, నేను గుండె మీద చెయ్యేసుకున్న సంగతి, నిన్న నోరు మూసుకున్న సంగతి. అంతా అయ్యాక ఆయన కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

"దాని చేతిలో ఉలి గుంజుకుంటిని గదమ్మా నేను" అన్నాడు. "నా కొడుకులకు కూడా అంత పని చేయలే." తర్వాత కోపం వచ్చింది, అప్పుడు తిట్టాడు. ఏం తిట్టాడో రాయను. ఒక్క మాట కూడా ఎక్కువ కాదు.

"నాకు చెప్తే సాలదు. ఆ ఊర్లో చెప్పు. పోదాం లే."

గడివేముల దాటి ఆ ఊరికి వెళ్లాం. ఊరి పెద్దమనిషి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు. నేను ముట్టలేదు. నా నోటితో నేనే చెప్పాను, తప్పు ఆ అమ్మాయిది కాదు, నాదని.

ఆ పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వేమన్నా రాయి చెక్కుతావా?"

"లేదు."

"రాయి ఇంటావా?"

"లేదు."

"మల్ల ఏం చూసుకోని చెప్తివి ఆ పాపకు, చెక్కమని?"

ఏ అబద్ధమూ నోటికి రాలేదు. "దుడ్లిచ్చేది మేమే కదా అని" అన్నాను.

ఆయన పెద్దాయన వైపు తిరిగి, "రాయి నువ్వు ఇంటే సాలప్పా. చెక్కేది ఎవురైనా మాకు అమ్మే. దినం మాత్రం తప్పొద్దు" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. కొత్త రాతికి పెద్దాయన బొట్టు పెట్టాడు. ఆ అమ్మాయే చెక్కింది. దినం తప్పలేదు. ఏడాది నిండాక పెద్దాయన ఆమెను తన జీతం మీదే ఉంచుకున్నాడు. ట్రస్టులో కూడా అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లెక్చరర్ గారు రెండో ఏడాది కాగితం మీద సంతకం పెట్టారు. షెడ్డులో జరిగినవన్నీ నాకు తెలుసు గాని, ఒక్కటీ నా కళ్లతో చూడలేదు. ఎందుకో దొర్నిపాడులో తేలింది.

గడివేముల నుంచి వచ్చిన మర్నాడే పెద్దాయనా నేనూ ఆటోలో దొర్నిపాడు వెళ్లాం. తల్లీ కూతుళ్లు ఇంటి ముందు కళ్లంలో ఎండబెట్టిన మిరపకాయలు ఏరుతున్నారు. ఘాటుకు మాకు దగ్గొచ్చింది, వాళ్లకు రాలేదు. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి లేచి నిలబడింది. దగ్గరికి రాలేదు. పెద్దాయన సంచీలోంచి ఆమె ఉలి తీసి, ఆమె ముందు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆ వయసు మనిషి మోకాళ్ల మీద వంగి లేవడానికి నేను చెయ్యందిస్తే వద్దన్నాడు.

ఆమె ఉలి తీసుకోలేదు. నా వైపు తిరిగింది. నేను చేతులతో నాకు వచ్చినట్టు చెప్పుకున్నాను. నేను, రాయి, తప్పు, నాది. నాయనకు చెప్పాను. ఊర్లో చెప్పాను. నువ్వు రావాలి. ఆమె అంతా చూసింది. ఆమె ముఖంలో కోపం ఉంటే బాగుండునని వెతికాను. లేదు. అలసట ఉంది.

తర్వాత తల్లి వైపు తిరిగి గబగబా చేతులాడించింది. నాకు సగమే అందింది. గడ్డం నిమిరింది, అవునంది. రాయి, బొట్టు, అవునంది. భుజానికి సంచీ తగిలించుకున్నట్టు చూపించి, షెడ్డు వాకిలి గీసినట్టు గీసి, అరచెయ్యి అడ్డం పెట్టింది.

తల్లి ముఖం పాలిపోయింది. "ఊకో, ఊకో" అని కూతురి చేతులు పట్టుకోబోయింది. నా వైపు తిరిగి, "ఏం లేదు మేడం, వస్తానంటాంది. రేపే వస్తానంటాంది" అంది.

"ఇంకేమందో అది చెప్పమ్మా" అన్నాను.

"దానికి బుద్ధి లేదు మేడం. మీ ఉప్పు తింటాండాం..."

"చెప్పమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

తల్లి మిరపకాయల వైపు చూస్తూ చెప్పింది. "మీరు షెడ్డుకు రాకుంటే వస్తానంటాంది. మీరంటే కోపం లేదంట. 'ఆమె ఆడ ఉంటే నేను వద్దు అనలేను' అంటాంది."

నేను ఏదో అనబోయాను. నియమం ఉంది కదా, వారానికో రోజు రావాలి కదా, ఈసారి అలా చేయను కదా. ఆ అమ్మాయి నా పెదవుల వైపే చూస్తోంది. నోరు మూసుకుని, సరే అని తల ఊపాను.

ఆమె దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూసింది. మళ్లీ భుజానికి సంచీ, మళ్లీ వాకిలి, మళ్లీ అరచెయ్యి అడ్డం. నిజమేనా అని అడుగుతోంది. నేను ఇంకోసారి తల ఊపాను. అప్పుడు వంగి ఉలి తీసుకుంది.